రూపాయిబిళ్ళ ఆట ఆడి పిల్లలు జడుసుకుంటే: వార్డెన్లకు, టీచర్లకు, తల్లిదండ్రులకు

హాస్టళ్ళలో రాత్రిపూట సాగే దయ్యాల ఆటలు ముఖ్యంగా మూడు. చార్టు మీద అక్షరాలు రాసి, రూపాయిబిళ్ళ మీద తలా ఒక వేలు పెట్టి ‘ఆత్మ’ను పిలిచేది ఒకటి. దీన్నే ఓయిజా బోర్డు అంటారు, కొందరు ప్లాంచెట్ అంటారు. పెన్సిల్ మీద పెన్సిల్ అడ్డంగా నిలిపి ‘చార్లీ చార్లీ, ఉన్నావా?’ అని అడిగేది రెండోది. చీకట్లో అద్దం ముందు నిలబడి ‘బ్లడీ మేరీ’ అని పిలిచేది మూడోది. ఈ ఆటలతో దయ్యం రాదు, భయం మాత్రం తప్పకుండా వస్తుంది. గుండె దడదడలాడే పిల్లను పట్టుకుని ‘నాటకాలాడొద్దు’ అనడమూ తప్పే, ‘గాలి సోకింది’ అనడమూ తప్పే. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో వార్డెన్లు, టీచర్లు, అమ్మానాన్నలు అలాంటి రాత్రి ఏం చేయాలో, తర్వాత వారం పది రోజులు ఏం చూసుకోవాలో ఇక్కడ రాస్తున్నాం.

ఆ రాత్రి మొదటి అరగంట

ముందు లైట్లన్నీ వేయండి. గదిలో గుమిగూడినవాళ్ళను ఇంకో గదికి పంపి, వాళ్ళ దగ్గర ఒక పెద్ద మనిషిని ఉంచండి. జడుసుకున్న పిల్ల దగ్గర ఒక్క స్నేహితురాలు చాలు. చుట్టూ పదిమంది నిలబడి చూస్తుంటే భయం తగ్గదు, పైగా చూసేవాళ్ళకూ అంటుకుంటుంది. మీరు నిలబడి మాట్లాడకండి. ఆ పిల్ల పక్కనే కింద కూర్చోండి. ‘ఏంగాదు పాపా, నేనీడే ఉండా. ముందు గాలి నిదానంగా వదులు’ అంటే సరిపోతుంది. ఈ ఆట ఎవరు మొదలుపెట్టారన్న విచారణ రేపటికి పెట్టుకోండి.

భయంలో ఊపిరి వేగంగా, పైపైన ఆడుతుంది. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి తల తిరుగుతుంది, మూతి చుట్టూ తిమ్మిరెక్కుతుంది, వేళ్ళు కొంకర్లు పోతాయి. చుట్టూ ఉన్నవాళ్ళను ఎక్కువగా బెదరగొట్టేది ఈ కొంకర్లే. చేతివేళ్ళు ముడుచుకుపోతుంటే ‘దయ్యం పట్టి మెలిపెడుతోంది’ అనుకుంటారు. ఊపిరి సర్దుకుంటే వేళ్ళు వాటంతటవే విచ్చుకుంటాయి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ నోటితో వదలమనండి. మీరూ పైకి లెక్కపెడుతూ కలిసి చేయండి. ఐదు నిమిషాలు ఆపకుండా చేయాలి. రెండు నిమిషాలకే ‘తగ్గలేదు’ అని వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. మూతికి ప్లాస్టిక్ కవరు, పేపరు కవరు పెట్టి పీల్పించే పాత పద్ధతి వద్దు. ఆస్తమా, గుండె జబ్బు ఉంటే అది ప్రమాదం.

తర్వాత చెప్పులు విప్పించి అరికాళ్ళు బండల మీద గట్టిగా ఆనించమనండి. గదిలో కనపడే ఐదు వస్తువుల పేర్లు చెప్పించండి: ట్రంకుపెట్టె, బక్కెట్టు, దండెం మీది టవలు, ఏదైనా సరే. రాత్రి అన్నం తిన్నదా లేదా అడగండి. ఖాళీ కడుపుతో వణుకు ఎక్కువవుతుంది. నీళ్ళు తాగించి, రెండు గుప్పిళ్ళు బొరుగులు, కాస్త బెల్లం పెట్టండి. కాఫీ, టీ వద్దు.

ముఖం మీద నీళ్ళు కొట్టడం, చెంప వాయించడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం మానుకోండి. వీటన్నిటికంటే ఎక్కువ చెడుపు చేసేది ఒకటుంది. జుట్టు పట్టుకుని ‘ఎవరు నువ్వు? ఎందుకొచ్చినావ్? ఏం కావాల?’ అని అడగడం. విపరీతంగా భయపడిన మనసు సగం స్పృహలో ఉంటుంది. ఆ స్థితిలో మీ ప్రశ్నే దానికి ఆజ్ఞ అవుతుంది. పేరు అడిగితే ఒక పేరు చెబుతుంది, కోరిక అడిగితే ఒక కోరిక పుట్టిస్తుంది. ఆ పేరు ఊర్లో ఈమధ్య చనిపోయినవాళ్ళ పేరయితే ఆ కథను ఎవరూ ఆపలేరు. పిల్లను తన సొంత పేరుతోనే పిలవండి, మాటిమాటికీ పిలవండి.

మరుసటి రోజు: వేళ్ళు ఏం చేస్తున్నాయో చూపించడం

‘దయ్యాలు లేవు’ అని ఉపన్యాసం చెప్తే ఎవరూ నమ్మరు. బిళ్ళ కదలడం వాళ్ళు కళ్ళారా చూశారు కదా. అందుకే అదే ఆటను పగటివేళ, కిటికీలు తెరిచి, పరీక్షగా ఆడించండి. జడుసుకున్న పిల్లతో ఆడించకండి. ఆమె ఇష్టమైతే దూరంగా కూర్చుని చూడనివ్వండి.

అర చార్టు తీసుకుని ‘అ’ నుంచి ‘హ’ వరకు గుండ్రంగా రాయండి. లోపలి వరసలో 0 నుంచి 9 అంకెలు, మధ్యలో ‘అవును’, ‘కాదు’. బిళ్ళ చెమటకు అతుక్కుంటుంది కాబట్టి చార్టు మీద క్యారంబోర్డు పౌడరు పలచగా చల్లండి. ముగ్గురు పిల్లలు, ఒక్కొక్కరిది చూపుడువేలు, మణికట్టు గాల్లో ఉండాలి. ఎవరో ఒకరు ఫోనులో వీడియో తీయాలి.

మొదట అందరికీ తెలిసిన జవాబున్న ప్రశ్న అడగండి. ‘మెస్సులో ఆదివారం పొద్దున టిఫిను ఏంది?’ బిళ్ళ ‘ఉ’ వైపు, ‘గ’ వైపు జరుగుతుంది. ఉగ్గాని పెడతారని ముగ్గురికీ తెలుసు. రెండోసారి ముగ్గురికీ కళ్ళకు గంతలు కట్టండి. చేతిరుమాలు ఒక్కటే కడితే ముక్కు పక్కనుంచి కింద కనపడుతుంది, అక్కడ దూది పెట్టండి. గంతలు కట్టాక చప్పుడు చేయకుండా చార్టును పావు వంతు తిప్పి, మళ్ళీ అదే ప్రశ్న అడగండి. బిళ్ళ ఇప్పుడు ఆ అక్షరాల మీదికి పోదు, ఇంతకుముందు ఆ అక్షరాలున్న చోటికి పోతుంది, లేదంటే పిచ్చిపిచ్చిగా తిరుగుతుంది. ఆత్మే నడిపితే దానికి గంతలు లేవు కదా. వీడియో చూపించినప్పుడు పిల్లలు తమంతట తామే ఈ మాట అంటారు, మీరు తొందరపడి చెప్పకండి. మూడోసారి ఒక పది రూపాయల నోటును చూడకుండా కవరులో పెట్టి అంటించండి. దాని మీది ఆరు అంకెల నంబరులో చివరి మూడు అంకెలు అడగండి. గుడ్డిగా చెప్తే తగిలే అవకాశం వెయ్యిలో ఒకటి. ఆడేవాళ్ళలో ఎవరికీ తెలియని సంగతి బోర్డుకూ తెలియదు.

దీనికి కారణం 170 ఏళ్ళ కిందే తేలింది. మనసులో అనుకున్న కదలికను కండరాలు మనకు తెలియకుండానే రవ్వంత చేసేస్తాయి. 1852లో విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండు వైద్యుడు దీనికి ‘ఐడియోమోటార్’ అని పేరు పెట్టాడు. 1853లో మైకేల్ ఫారడే, కరెంటు గురించి పాఠాల్లో చదివే ఆ ఫారడేనే, ఆత్మలు బల్లను తిప్పుతున్నాయన్న గోల ఎక్కువైతే ఒక చిన్న సాధనం చేసి పరీక్షించాడు. సైన్సు టీచర్లు దాన్ని పది నిమిషాల్లో చేయొచ్చు. సెంటీమీటరు మందం ఉన్న థర్మోకోల్ ముక్కలు రెండు తీసుకోండి, ఒక్కొక్కటి నోటుబుక్కంత ఉండాలి. కిందిదాన్ని బల్లకు టేపుతో అంటించి, దాని మీద గుండ్రటి పెన్సిళ్ళు నాలుగు వరసగా పరిచి, పైన రెండో ముక్క పెట్టండి. రెండు ముక్కలకూ కలిపి రెండు రబ్బరుబ్యాండ్లు వదులుగా వేయండి. ఇప్పుడు ఒక కూల్‌డ్రింక్ స్ట్రాను ముక్కల అంచుకు నిలువుగా ఆనించి, కింది ముక్కలోకి ఒక గుండుపిన్ను, పై ముక్కలోకి ఒక గుండుపిన్ను స్ట్రా గుండా గుచ్చండి. పిన్నుల మధ్య దూరం సుమారు ఒక సెంటీమీటరు ఉండాలి, స్ట్రాలో రంధ్రాలు కొంచెం వదులుగా ఉండాలి. పై ముక్క ఒక మిల్లీమీటరు జరిగితే చాలు, స్ట్రా కొస దాదాపు రెండు సెంటీమీటర్లు ఒరుగుతుంది.

చేతులు పైన పెట్టి ‘బల్ల కుడివైపుకు కదలాల’ అని గట్టిగా అనుకోమనండి. బల్ల కదలకముందే స్ట్రా ఒరుగుతుంది, అంటే ముందు కదిలింది చెయ్యి. ఫారడే గమనించిన ఇంకో సంగతి మరీ విలువైనది. ఆ పుల్లను కూర్చున్నవాళ్ళకు కనపడేట్టు పెడితే, తమ చెయ్యి తోస్తోందని తెలిసిపోయి, బల్ల కదలడమే ఆగిపోయింది. మీరూ అట్ట అడ్డంపెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి చేసి చూడండి.

ఈ పరీక్ష చెడిపోయేది రెండు చోట్ల. ‘నువ్వే తోసినావ్’ అని ఒక పిల్లమీద నింద పడితే గొడవై అసలు విషయం పక్కకుపోతుంది. ఎవరూ కావాలని తోయలేదని, అందరి వేళ్ళూ తెలియకుండా చేశాయని మొదటే చెప్పండి. రెండోది, భయం తాజాగా ఉన్న రాత్రే పరీక్ష పెట్టడం. అప్పుడు ఏం చూపించినా భయానికే సాక్ష్యమవుతుంది.

పెన్సిళ్ళ ఆట సంగతి చిన్నదే. 2015 మే నెలలో సోషల్ మీడియా ద్వారా ఇది ప్రపంచమంతా పాకింది. మెక్సికో దయ్యమని ప్రచారం చేశారు గానీ అక్కడి జానపద కథల్లో చార్లీ అనే దయ్యమే లేదు. పెన్సిల్ మీద పెన్సిల్ నిలిచేది సన్నని గీతంత చోటులో. ముందుకు వంగి మాట్లాడితే నోటి గాలికే తిరుగుతుంది. ఫ్యాను ఆపి, పెన్సిళ్ళ మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బా బోర్లించి పదిసార్లు పిలవమనండి. కదలదు. డబ్బా తీసి ఏ పేరుతో పిలిచినా తిరుగుతుంది.

అద్దం ఆటను మాత్రం పరీక్షగా కూడా చేయించకండి, ఎందుకంటే అది నిజంగానే పనిచేస్తుంది. మసక వెలుగులో ఒకేచోట కన్నార్పకుండా చూస్తే కంటిచూపు అంచుల్లోని రూపాలు మెల్లగా చెదిరిపోతాయి. 1804లో ట్రాక్స్‌లర్ అనే స్విట్జర్లాండు వైద్యుడు దీన్ని గమనించి రాశాడు. చెరిగిన చోటును మెదడు తనకు తోచినట్టు నింపుకుంటుంది. 2010లో జొవాన్ని కపూతో అనే ఇటలీ పరిశోధకుడు 50 మందిని మసక వెలుగులో పది నిమిషాలు అద్దం ముందు కూర్చోబెడితే, మూడింట రెండొంతుల మందికి తమ ముఖం వికృతంగా మారినట్టు కనిపించింది, దాదాపు సగం మందికి వింత రూపాలు కనిపించాయి. కాబట్టి ‘నాకు కనపడింది సార్’ అంటున్న పిల్లవాడు అబద్ధం చెప్పడం లేదు. అతనికి ఆ మాట మీ నోట వినపడాలి. కావాలంటే తెల్లకాగితం మీద లేత రంగు మరక, దాని పక్కన ఒక నల్లచుక్క పెట్టి, చుక్కను ఇరవై ముప్పై సెకన్లు రెప్పవేయకుండా చూడమనండి. మరక మాయమవుతుంది. పగలు ఇది చాలు.

తర్వాతి రాత్రులు

చాలామందికి అసలు కష్టం మూడో రోజు నుంచి మొదలవుతుంది. నిద్రలో మెలకువ వచ్చి, కాలూచెయ్యీ ఆడక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, గదిలో ఎవరో ఉన్నట్టు అనిపిస్తుంది. అరవాలన్నా గొంతు రాదు. ఇది నిద్ర పక్షవాతం. కలలొచ్చే నిద్రలో మనం కలలోలాగే లేచి పరిగెత్తకుండా మెదడు కండరాలను సడలించి ఉంచుతుంది. మెదడు మేలుకున్నా ఆ సడలింపు విడవకపోతే ఇట్లా అవుతుంది. కొన్ని సెకన్ల నుంచి రెండు మూడు నిమిషాల్లో అదే పోతుంది, ప్రాణానికి ఏమీ కాదు. 2011లో షార్ప్‌లెస్, బార్బర్ అనే పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కిస్తే, జన్మలో ఒక్కసారైనా ఇది అనుభవమైనవాళ్ళు మామూలు జనంలో సుమారు 8 శాతం, విద్యార్థుల్లో 28 శాతం. నిద్ర చాలకపోవడం, వేళాపాళా లేకపోవడం, వెల్లకిలా పడుకోవడం దీన్ని పెంచుతాయి. పరీక్షల ముందు స్టడీ అవర్లు రాత్రి పన్నెండు దాకా లాగి, పొద్దున నాలుగున్నరకే లేపే హాస్టళ్ళు దీన్ని చేతులారా తెచ్చుకుంటున్నాయి. కనీసం రెండు వారాలు ఆ పిల్లలకు ఏడెనిమిది గంటల నిద్ర ఇవ్వండి.

పక్కకు తిరిగి పడుకోమనండి. మళ్ళీ అట్లా పట్టేస్తే శరీరం మొత్తం కదిలించాలని పెనుగులాడకుండా ఒక్క కాలి బొటనవేలినో, నాలుకనో కదిలించే ప్రయత్నం చేయమనండి. పక్కన పడుకున్నవాళ్ళు పేరు పెట్టి పిలిచి భుజం తట్టినా విడిపోతుంది. ఈ మాట స్నేహితురాలికి ముందే చెప్పి పెట్టండి.

ఇంకోపక్క బాత్రూముకు ఒంటరిగా పోలేకపోవడం. నలుగురు తోడుపోవడం మొదటి రెండు రోజులు సరే, నెలంతా అట్లాగే పోతే ‘తోడు ఉండబట్టే బతికినాను’ అని మనసు నమ్ముతుంది. మూడో రోజు ఇద్దరు, ఐదో రోజు ఒక్కరు తోడు, ఆ తర్వాత తోడు తలుపు బయట నిలబడి మాట్లాడుతుండాలి, ఆ తర్వాత వరండా చివర, చివరికి ఒంటరిగా. ప్రతి మెట్టు దగ్గరా భయం దిగేదాకా ఆగండి. మెట్టు దాటించి తోస్తే వెనక్కి పోతుంది. పెరట్లోని చింతచెట్టు కిందుండే నీళ్ళ తొట్టి లాంటి చోట్లకూ ఇదే పద్ధతి.

బోర్డు చెడ్డమాట చెప్పి ఉంటే

ఇది అన్నింటికంటే జాగ్రత్తగా చూడాల్సింది. ‘నువ్వు ఇంటర్ తప్పుతావ్’, ‘మీ నాయన చచ్చిపోతాడు’, ‘నువ్వు చావాల’ అని బిళ్ళ చూపించి ఉంటే పిల్లలు బయటికి చెప్పరు. విడిగా, మెల్లగా అడిగి తెలుసుకోండి. బిళ్ళను కదిలించింది వాళ్ళ వేళ్ళే కాబట్టి ఆ మాట ఆ గుంపులో ఎవరి గుండెల్లోనో ముందే ఉన్న భయం. నాయనకు ఒంట్లో బాగలేదేమో, అప్పుల గొడవ ఉందేమో, లెక్కల్లో మార్కులు పోయినాయేమో. బోర్డు గురించి వాదించకుండా ఆ భయం గురించి మాట్లాడండి. చావు మాట వచ్చి ఉంటే నాన్చకుండా అడగండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తాందా పాపా?’ అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటపడుతుంది. అవునంటే ఒక్క క్షణం ఒంటరిగా వదలకండి, పురుగుమందు, చున్నీ, మాత్రలు లాంటివి అందకుండా చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం నంబరు టెలి మానస్ 14416కు ఆ రాత్రే ఫోను చేయండి. ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఒకరి తర్వాత ఒకరు పడిపోతుంటే

ప్రార్థన వేళ ఒక పిల్ల ఊగి పడిపోతుంది, చూసిన ఇంకో ఐదుగురు పడిపోతారు. 1962 జనవరిలో ఇప్పటి టాంజానియాలోని కషాషా అనే ఊళ్ళో ఒక బాలికల హాస్టల్ బడిలో 159 మందిలో 95 మందికి ఆపుకోలేని నవ్వు అంటుకుని, మార్చిలో బడే మూసేశారు. దీనికి దారి చూపు, వినికిడి. కాబట్టి పడినవాళ్ళను ఒకరికొకరు కనపడని, వినపడని గదుల్లో పెట్టండి. మైకులో ప్రకటనలు, గుంపు మధ్యలో పూజ, వీడియోలు తీయడం వెంటనే ఆపండి. అయితే అన్నింటికంటే ముందు అన్నం విషమైందా, నీళ్ళు చెడ్డాయా, వడదెబ్బా, ఏదైనా గ్యాసు వాసనా అన్నది డాక్టరుతో తేల్చుకోవాలి. మే నెల అనంతపురం ఎండలో టిఫిను తినని, రక్తం తక్కువున్న పిల్లలు నిలబడితే పడిపోవడానికి ఏ దయ్యమూ అక్కర్లేదు.

ఏది భయం, ఏది జబ్బు

జ్వరంతో పాటు తికమక మాటలు, మెడ పట్టేయడం, మనుషులను గుర్తుపట్టకపోవడం, కళ్ళు తెరిచే ఉండి ఒళ్ళంతా కొట్టుకోవడం, నాలుక పక్కకు కొరుక్కోవడం, బట్టల్లో మూత్రం పోవడం ఉంటే అది ఆసుపత్రి పని. ఫిట్సు వస్తున్నప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టి, తలకింద మెత్తటిది పెట్టి, గడియారం చూడండి. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు. ఐదు నిమిషాలు దాటితే 108. కంటిపాపలు పెద్దవై, నోరు ఎండిపోయి, పిచ్చిగా మాట్లాడుతుంటే ఉమ్మెత్తకాయ తిన్నారేమో అడగండి. ఒంటరిగా ఉన్నా మాటలు వినపడటం, అందరూ తనకు హాని చేస్తున్నారన్న అనుమానం, తిండి నిద్ర మానేయడం రెండు వారాలు సాగితే మానసిక వైద్యుడికి చూపించాలి. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. మొదటిసారి పోయేటప్పుడు ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంటోంది, నిద్ర ఎన్ని గంటలు అన్నది ఒక కాగితం మీద రాసుకుపోండి. ఫిట్సు లాంటివి వస్తుంటే ఫోనులో తీసిన వీడియో డాక్టరుకు చాలా సాయం.

ఇంట్లో పెద్దవాళ్ళతో

ఇంటికి పోయిన పిల్లను జేజి చూసి ‘గాలి సోకింది, కసాపురం తీసకపోదాం’ అంటుంది, ఇంకో ఇంట్లో కడప పెద్ద దర్గాకు పోదాం అంటారు. జేజిని ఎగతాళి చేయకండి. గుడికి పోయి, దిష్టి తీయించుకుని, తాయెత్తు కట్టుకుంటే పిల్లకు ధైర్యం వస్తే రానివ్వండి. గీత గీయాల్సిన చోటు వేరు: కొట్టడం, వాతలు పెట్టడం, మిరపకాయల పొగ, పస్తులుంచడం, కట్టేయడం, నడుస్తున్న మాత్రలు ఆపించడం. ఫిట్సు మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఫిట్సు వెంటవెంటనే వస్తాయి, ప్రాణం పోవచ్చు. తమిళనాడు ఎర్వాడిలో దర్గా దగ్గరి మానసిక రోగుల ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు. ‘బంధనం వేస్తా, ఇంత ఖర్చవుతుంది’ అని భయాన్ని పెంచేవాళ్ళను గడప తొక్కనివ్వకండి. ఎవరైనా పిల్లను కొడుతుంటే 112కు గానీ, పిల్లల సాయం నంబరు 1098కు గానీ ఫోను చేయండి.

పిల్ల ముందు గొంతు తగ్గించి గుసగుసలాడకుండా చూసుకోండి. తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న కాలంలో పిల్లలకు ఎక్కువ భయం పుట్టించినవి ఆ అక్షరాలు కావు, పెద్దవాళ్ళ ముఖాలు.

చివరగా ఆ చార్టు సంగతి. పిల్లలు దాన్ని చింపాలా, కాల్చాలా, తుంగభద్రలో వేయాలా అని అడుగుతారు. తంతులాగా ఏం చేసినా దానికేదో శక్తి ఉందని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఓయిజా బోర్డుకు 1891లో అమెరికాలో బొమ్మగానే పేటెంటు ఇచ్చారు, దశాబ్దాల పాటు ఆటవస్తువుల దుకాణాల్లోనే అమ్మారు. చార్టు వెనకవైపు ఖాళీగా ఉంటుంది, మెస్సు మెనూ రాసి గోడకు అంటించండి. రూపాయిబిళ్ళను అదే పిల్లల చేతికిచ్చి అంగట్లో చాక్లెట్ కొనుక్కోమనండి.